తెరపై యేసు: సువార్తలు వదిలేసిన ఖాళీలను కెమెరా ఎలా నింపుతుంది

క్లుప్తంగా: యేసు జీవితం మీద సినిమాలు 1897 నుంచి వస్తూనే ఉన్నాయి. పేరున్న ప్రతి సినిమా వెనకా దాదాపు ఒక వివాదం ఉంది. ఆ వివాదాలు చాలావరకు సువార్తల్లో, అంటే యేసు జీవితాన్ని చెప్పే నాలుగు బైబిలు పుస్తకాల్లో, ఉన్న మాటల మీద వచ్చినవి కావు. సువార్తలు ఏమీ చెప్పని చోట దర్శకులు ఏం పెట్టారన్న దాని మీద వచ్చినవి. యేసు ముఖం ఎలా ఉంటుంది, నాలుగు కథనాలను ఒకటిగా ఎలా కలపాలి, శిష్యుడు యూదా ఆయన్ను ఎందుకు అప్పగించాడు, మరణానికి ఎవరు బాధ్యులు, పాత్రలు ఏ భాష మాట్లాడాలి అన్న ప్రశ్నలకు పుస్తకం మౌనంగా ఉండగలదు. సినిమాకు ఆ వెసులుబాటు లేదు.

దూరంగా నిలబడ్డ కెమెరా

తొలి సినిమాలకు ఈ చిక్కు పెద్దగా ఎదురుకాలేదు. లూమియేర్ సంస్థ 1898లో తెచ్చిన యేసు జీవిత చిత్రం 13 దృశ్యాల వరస. ఒక్కో దృశ్యం నిమిషానికి అటూఇటూ ఉంటుంది. కెమెరా కదలదు, నటులు తల నుంచి పాదం దాకా కనిపిస్తారు. ప్రేక్షకులకు కథ ముందే తెలుసు కాబట్టి దృశ్యాన్ని గుర్తుపడితే చాలు. అదే ఏడాది న్యూయార్క్‌లో మరో చిత్రం ఆడింది. జర్మనీలోని ఓబరామర్‌గావ్ గ్రామం శ్రమల నాటకానికి, అంటే యేసు చివరి రోజుల బాధలను ఆడే నాటకానికి, ప్రసిద్ధి. ఆ నాటకాన్నే చిత్రించామని ప్రచారం చేసినా, నిజానికి అది న్యూయార్క్‌లో ఒక భవనం పైకప్పు మీద తీసింది. సంగతి బయటపడ్డా జనం రావడం మానలేదు.

అప్పట్లో దృశ్యాలను విడివిడిగా అమ్మేవారు. పాతే సంస్థ తీసిన యేసు చిత్రాల్లోంచి ప్రదర్శకుడు తనకు కావలసినవి కొనుక్కుని వరసగా అతికించుకునేవాడు. ఒక ఊళ్లో ఆడిన సినిమాలో ఉన్న అద్భుతం పక్క ఊళ్లో ఉండకపోవచ్చు. 1906లో ఆలిస్ గీ గోమోఁ సంస్థకు తీసిన చిత్రంలో 25 దృశ్యాలు ఉన్నాయి. వాటి కూర్పుకు ఫ్రెంచి చిత్రకారుడు జేమ్స్ టిస్సో గీసిన బైబిలు బొమ్మలు ఆధారం. కొత్తగా ఊహించడం ఎందుకు, అందరికీ తెలిసిన బొమ్మలనే కదిలిస్తే సరిపోతుంది. ఇలాంటి యేసు చిత్రం ఒకటి బొంబాయిలో చూసిన దాదాసాహెబ్ ఫాల్కేకు, మన దేవతలను కూడా ఇలా తెర మీదకు తేవచ్చు కదా అన్న ఆలోచన వచ్చింది. దాని ఫలితం 1913 నాటి ‘రాజా హరిశ్చంద్ర’. భారతీయ పౌరాణిక చిత్రాల పుట్టుకలో యేసు సినిమాకూ కొంత పాలు ఉంది.

1912లో సిడ్నీ ఓల్కాట్ ఈజిప్టు, పాలస్తీనా వెళ్లి అక్కడి నేల మీదే పూర్తి నిడివి చిత్రం తీశాడు. ఇక అది కదిలే బొమ్మల వరసగా మిగల్లేదు. ఒక మనిషి యేసుగా నటిస్తూ జనం మధ్య నడిచాడు. అభ్యంతరాలు ఊపందుకున్నదీ అప్పుడే.

ముఖం చూపాలా, దాచాలా

బ్రిటన్ సెన్సార్ బోర్డు 1913లో పని మొదలుపెట్టినప్పుడు దాని దగ్గర రాసిపెట్టుకున్న నియమాలు రెండే: నగ్నత్వం కుదరదు, క్రీస్తు రూపాన్ని నటుడితో చూపించడం కుదరదు. రెండింటినీ ఒకే వరసలో పెట్టారంటే ఆ నాటి భయం ఎంతటిదో తెలుస్తుంది. ఇలాంటి ఆంక్షలున్న మార్కెట్లలో ఆడాల్సిన సినిమాలు యేసును వీపు వైపు నుంచో, చేతుల వరకో, నీడగానో చూపించడం అలవాటు చేసుకున్నాయి.

ఈ పద్ధతికి బాగా గుర్తుండే ఉదాహరణ 1959 నాటి ‘బెన్ హర్’. గొలుసులతో కట్టిన ఖైదీలను ఎడారి దారిలో నడిపిస్తూ సైనికులు నజరేతులో ఆగుతారు. కథానాయకుడికి నీళ్లు ఇవ్వొద్దని శతాధిపతి ఆజ్ఞ. కూలబడ్డ ఆ ఖైదీ నోటికి ఎవరిదో చేయి నీళ్లు అందిస్తుంది. శతాధిపతి కొరడా పట్టుకుని అరుస్తూ వస్తాడు. నీళ్లిచ్చిన మనిషి లేచి అతని వైపు తిరుగుతాడు. మనకు కనిపించేది జుట్టు, భుజం మాత్రమే. ఎదురుగా ఉన్న శతాధిపతి ముఖంలో కోపం తగ్గి, తడబాటు మొదలై, చివరికి చూపు తిప్పుకుని వెనక్కి నడుస్తాడు. యేసు పాత్రకు ఇక్కడ మాట లేదు, ముఖం లేదు. నటన బరువంతా ఎదుటి నటుడు మోశాడు. ముఖం దాచడం సెన్సారు నుంచి తప్పించుకునే ఎత్తుగా మొదలైనా, చాలా సినిమాలు ముఖం చూపించి సాధించలేనిదాన్ని ఇది సాధించింది.

చూపించక తప్పని సినిమాలది వేరే బాధ. సెసిల్ బి. డెమిల్ 1927లో తీసిన ‘ది కింగ్ ఆఫ్ కింగ్స్’ ఆ మొదటి దర్శనాన్ని ఒక అంధ బాలికకు అప్పగించింది. తెర చీకటిగా ఉంటుంది. అది ఆమెకు కనిపించే లోకం. చీకట్లో వెలుగు చారలు పడతాయి, వెలుగు పెరుగుతుంది, దాంట్లోంచి ఒక ముఖం తేలి క్లోజప్‌గా నిలుస్తుంది. పాప తొలిసారి చూసేది, ప్రేక్షకుడు తొలిసారి చూసేది ఒకే ముఖం. ఆ పాత్ర వేసిన హెచ్. బి. వార్నర్‌కు విడుదలనాటికి 51 ఏళ్లు. యేసు పరిచర్య మొదలుపెట్టినప్పుడు ఇంచుమించు ముప్పై ఏళ్లవాడని లూకా రాశాడు. వయసు తేడాను వెనక నుంచి కొట్టే కాంతితో, మెత్తని ఫోకస్‌తో కప్పారు.

పొడవాటి జుట్టు, గడ్డం, పాలిపోయిన ఛాయ ఉన్న రూపం సువార్తల నుంచి వచ్చింది కాదు. నాలుగు సువార్తల్లో ఎక్కడా యేసు ఆకృతి వర్ణన లేదు. సిరియాలోని డూరా యూరోపస్‌లో మూడో శతాబ్దం నాటి గోడ చిత్రంలో ఆయనకు గడ్డం కూడా లేదు. గడ్డం ఉన్న రూపం తరవాతి శతాబ్దాల్లో స్థిరపడి, యూరప్ చిత్రకళ గుండా సినిమాకు చేరింది. 1961 చిత్రం ‘కింగ్ ఆఫ్ కింగ్స్’లో జెఫ్రీ హంటర్, 1977 టీవీ ధారావాహిక ‘జీసస్ ఆఫ్ నజరేత్’లో రాబర్ట్ పావెల్ నీలికళ్లతో కనిపించడానికి కారణం ఆ వారసత్వమే. పావెల్ దాదాపు కనురెప్ప వాల్చకుండా నటించాడు. మనిషి మామూలుగా నిమిషానికి పదిహేనుసార్లో అంతకంటే ఎక్కువో రెప్పలు వేస్తాడు కాబట్టి, అది ఆగిపోతే ఎందుకో తెలియకుండానే చూసేవాడికి తేడా తడుతుంది. 2004లో ‘ది ప్యాషన్ ఆఫ్ ది క్రైస్ట్’ తీసిన మెల్ గిబ్సన్ తన నటుడు జిమ్ కేవీజల్ నీలికళ్లను కంప్యూటర్‌లో గోధుమ రంగుకు మార్పించి, కృత్రిమ ముక్కు కూడా అమర్చాడు. 2006 నాటి దక్షిణాఫ్రికా చిత్రం ‘సన్ ఆఫ్ మ్యాన్’ ఆ వారసత్వాన్నే పక్కకు తోసి, కథను నేటి ఆఫ్రికాలో నల్లజాతి యేసుతో నడిపింది.

నాలుగు సువార్తలు, ఒకే స్క్రిప్టు

మార్కు, యోహాను సువార్తల్లో యేసు పుట్టుక కథ లేదు. జ్ఞానులు మత్తయిలో మాత్రమే వస్తారు. వాళ్లు ముగ్గురని మత్తయి చెప్పలేదు. గొల్లలు లూకాలో మాత్రమే వస్తారు. సినిమాలు ఇద్దరినీ ఒకే రాత్రి ఒకే పశువుల పాకలోకి తెస్తాయి. సిలువ మీద పలికిన ఏడు మాటలూ ఏ ఒక్క సువార్తలోనూ పూర్తిగా దొరకవు. మత్తయి, మార్కుల్లో ఉన్నది ఒకే మాట, అదీ ఇద్దరిలోనూ అదే. లూకాలో మూడు, యోహానులో మరో మూడు. “నన్నెందుకు విడిచితివి” అన్న ఆక్రోశం, “నా ఆత్మను నీ చేతికి అప్పగించుకొనుచున్నాను” అన్న ప్రశాంతత రెండు వేర్వేరు రచయితల చిత్రణలు. ఒకే నటుడు వాటిని నిమిషాల తేడాతో పలకాల్సి వచ్చినప్పుడు, ఆ మధ్యలో ఏం జరిగిందో అతనే కల్పించుకోవాలి.

ఒకే సువార్తకు కట్టుబడితే ఈ అతుకులు ఉండవు, కానీ ఆ సువార్తలోని ఇబ్బందులన్నీ మీద పడతాయి. ఇటలీ దర్శకుడు పాసోలిని 1964లో మత్తయిని ఎంచుకుని, సంభాషణలను దాదాపుగా ఆ పాఠం నుంచే తీసుకున్నాడు. నటులు వృత్తి కళాకారులు కాదు. యేసు పాత్రకు స్పెయిన్ విద్యార్థి ఎన్రికే ఇరజోకీ, వృద్ధురాలైన మరియకు దర్శకుడి సొంత తల్లి. యెరూషలేముగా కనిపించేది దక్షిణ ఇటలీలోని మతేరా పట్టణం.

మత్తయితో వచ్చే కష్టం కొండమీది ప్రసంగం. మూడు అధ్యాయాల పాటు ఒక మనిషి మాట్లాడుతూనే ఉంటాడు. 1961 నాటి ‘కింగ్ ఆఫ్ కింగ్స్’ దర్శకుడు నికోలస్ రే దీన్ని వేలమంది జూనియర్ ఆర్టిస్టులతో కొండవాలు మీద తీశాడు. యేసు జనం మధ్యలోంచి నడుస్తూ, వాళ్ల ప్రశ్నలకు జవాబులుగా ప్రసంగాన్ని ముక్కలు ముక్కలుగా చెబుతాడు. చూడ్డానికి కదలిక ఉంటుంది, కానీ ప్రసంగం కాస్తా ప్రశ్నోత్తరాల కార్యక్రమమైపోయింది. పాసోలిని జనాన్నే తీసేశాడు. ఒకే ముఖం, క్లోజప్, వెనక చీకటి. ఒక వాక్యానికి గాలి వీస్తుంది, మరో వాక్యానికి మెరుపు పడుతుంది, ఇంకో వాక్యానికి తల మీద ముసుగు ఉంటుంది. షాటు మారినప్పుడల్లా వెలుగు మారడం వల్ల ఇది ఒక్క మధ్యాహ్నం ఇచ్చిన ఉపన్యాసం కాదు, చాలా రోజుల బోధల సంకలనం అని తడుతుంది. మత్తయి ఈ బోధలను ఒకచోట కూర్చాడని చెప్పే బైబిలు పండితుల అభిప్రాయానికీ అది దగ్గరగా ఉంది. రెండింటిలో పాసోలిని పరిష్కారమే మెరుగైనది. ఖర్చు కూడా తక్కువ.

అద్భుతాల్లోనూ ఇదే తేడా. డెమిల్ యేసు శిష్యురాలు మగ్దలేనే మరియలోంచి ఏడు పాపాలు బయటికి రావడాన్ని డబుల్ ఎక్స్‌పోజరుతో, పారదర్శకమైన ఆకారాలుగా చూపించాడు. పాసోలిని కుష్ఠురోగి ముఖం చూపించి, యేసును చూపించి, మళ్లీ అదే ముఖాన్ని మచ్చ లేకుండా చూపించాడు. మధ్యలో ఉన్నది ఒక కట్ మాత్రమే.

యూదాకు కారణం కావాలి

పుస్తకంలో యూదా ఇస్కరియోతు ముప్పై వెండి నాణేలకు అప్పగించాడని మత్తయి, అతనిలో సాతాను ప్రవేశించాడని లూకా, యోహాను చెప్పి ఊరుకున్నారు. మూడు గంటలు తెర మీద తిరిగే పాత్రకు అది చాలదని స్క్రిప్టు రచయితలు భావిస్తారు. అందుకే 1961 చిత్రం అతన్ని బరబ్బ తిరుగుబాటుతో ముడిపెట్టింది: యేసును ఇరకాటంలో పెడితే తన శక్తి చూపక తప్పదన్నది అతని లెక్క. 1977 ధారావాహిక బైబిలులో లేని జేరా అనే యూదు ధర్మశాస్త్ర పండితుణ్ణి సృష్టించి, అమాయకుడైన యూదాను అతను మోసగించినట్టు చూపింది. 1988లో మార్టిన్ స్కోర్సేసి తీసిన ‘ది లాస్ట్ టెంప్టేషన్ ఆఫ్ క్రైస్ట్’లో యేసే తనను అప్పగించమని యూదాను అడుగుతాడు.

స్కోర్సేసి చిత్రానికి ఆధారం సువార్త కాదు, గ్రీకు రచయిత నికోస్ కజాంజాకీస్ నవల. సినిమా మొదట్లోనే ఆ సంగతి చెబుతారు. సిలువ మీద ఉన్న యేసు పెళ్లి, పిల్లలు, ముసలితనం ఉన్న మామూలు జీవితాన్ని ఊహలో చూసి, చివరికి దాన్ని కాదనుకుంటాడు. నిరసన తెలిపినవాళ్లలో చాలామంది ఆ ఊహను సినిమా చెప్పే వాస్తవంగా తీసుకున్నారు. దానికి సినిమా మాధ్యమమే కొంత కారణం. నవలలో “అనుకున్నాడు” అని రాస్తే సరిపోతుంది. తెర మీద కలకూ నిజానికీ ఒకటే కెమెరా, అవే నటులు. 1988 అక్టోబరులో ఆ చిత్రం ఆడుతున్న పారిస్ థియేటరుకు నిప్పంటించారు, పలువురు గాయపడ్డారు.

మగ్దలేనే మరియ విషయంలో కల్పన ఇంకా పాతది. ఆమె వేశ్య అని ఏ సువార్తా చెప్పలేదు. పోప్ మొదటి గ్రెగరీ 591 నాటి ప్రసంగంలో ఆమెనూ, లూకాలో పేరు లేని పాపాత్మురాలినీ ఒకరిగా కలిపాడు. సినిమాలు ఆ కలయికనే పట్టుకున్నాయి. డెమిల్ ఇంకో అడుగు వేసి, ఆమెను జీబ్రాల రథమెక్కే ధనిక విలాసినిగా, యూదా ప్రియురాలిగా మార్చాడు.

మరణానికి బాధ్యత: మినహాయింపు ఇక్కడే

ఖాళీల వల్లే గొడవలన్న లెక్కకు లొంగనిది ఒకటుంది. మత్తయి 27:25లో జనం “వాని రక్తము మామీదను మా పిల్లలమీదను ఉండునుగాక” అంటారు. ఇది సువార్తలో ఉన్న వాక్యమే. శతాబ్దాలపాటు యూదులపై హింసకు దీన్ని సాకుగా వాడారు. 1965 అక్టోబరు 28న కతోలిక చర్చి రెండో వాటికన్ మహాసభ, యేసు మరణానికి అప్పటి యూదులందరినీ గానీ ఇప్పటి యూదులను గానీ నిందించకూడదని ప్రకటించింది. శ్రమల నాటకాలను ఎలా బేరీజు వేయాలో అమెరికా కతోలిక బిషప్పులు 1988లో మార్గదర్శకాలు ఇచ్చారు. “బైబిలులో ఉంది కదా” అన్న ఒక్క జవాబు సరిపోదన్నది అందులోని ముఖ్యమైన మాట. కారణం స్పష్టం: నాలుగు సువార్తల్లోంచి ఏరుకునేటప్పుడు ప్రతిచోటా కఠినమైన ముక్కనే ఎంచుకుంటే, వచ్చే మొత్తం ఏ ఒక్క సువార్తకన్నా కఠినంగా ఉంటుంది.

డెమిల్ 1927లోనే యూదు సంస్థల అభ్యంతరాలు ఎదుర్కొన్నాడు. అతని సినిమాలో ప్రధాన యాజకుడు కయప ఆ నేరమంతా తన ఒక్కడి మీదే వేసుకుంటాడు. గిబ్సన్ 2004లో ఆ వాక్యాన్ని అరమాయిక్ సంభాషణలో ఉంచి, సబ్‌టైటిల్ తీసేశాడు. వినిపిస్తుంది, అర్థం మాత్రం తెర మీద పడదు. ఈ సర్దుబాటు ఎవరినీ పూర్తిగా తృప్తిపరచలేదు.

యేసుకు మరణశిక్ష విధించిన రోమన్ అధికారి పిలాతు చిత్రణ కూడా దీన్లో భాగం. చేతులు కడుక్కోవడం, భార్యకు కల రావడం మత్తయిలో మాత్రమే ఉన్నాయి. ఒకటో శతాబ్దపు యూదు రచయితలు ఫిలో, జోసీఫస్ రచనల్లో కనిపించే పిలాతు కర్కశుడు. తెర మీద పిలాతు ఎంత మెత్తబడితే, నింద అంతగా యాజకుల వైపు, జనం వైపు జరుగుతుంది. గిబ్సన్ చిత్రంలో పిలాతు భార్య యేసు తల్లి మరియకు తెల్లని వస్త్రాలు ఇచ్చే ఘట్టం సువార్తల్లో లేదు. జర్మన్ సన్యాసిని అన్నా కాథరీనా ఎమ్మెరిక్ దర్శనాల పేరిట వెలువడిన పుస్తకం నుంచి వచ్చింది.

సిలువ దృశ్యంలో కర్ర, మేకు, శరీరం

రోమన్ల కాలంలో శిక్ష పడినవాడు సాధారణంగా అడ్డదూలాన్ని మాత్రమే మోసేవాడు. నిలువు స్తంభం శిక్షా స్థలంలోనే ఉండేది. 1977 ధారావాహిక, 1988 చిత్రం ఈ పద్ధతిని పాటించాయి. 2004 చిత్రంలో ఇద్దరు దొంగలు అడ్డదూలాలే మోస్తే, యేసు ఒక్కడే పూర్తి సిలువ మోస్తాడు. పొరపాటున జరిగింది కాదది. చరిత్ర దొంగలకు, చిత్రకళ సంప్రదాయం యేసుకు దక్కాయి.

సిలువ వేసిన మనిషి అవశేషం 1968లో యెరూషలేము దగ్గర గివాత్ హమివ్తార్‌లో దొరికింది: ఒక మడమ ఎముక, దాంట్లో దిగిన సుమారు 11.5 సెంటీమీటర్ల ఇనుప మేకు. 1970లో వచ్చిన మొదటి విశ్లేషణ, మోకాళ్లు ఒక పక్కకు వంచి రెండు మడమలకూ కలిపి ఒకే మేకు కొట్టారని ఊహించింది. స్కోర్సేసి తన యేసును ఆ భంగిమలోనే, నగ్నంగా సిలువ వేయించాడు. అయితే 1985 నాటికే మరో పరిశీలన ఆ ఊహను తోసిపుచ్చింది: మేకు రెండు మడమలకు సరిపోయేంత పొడవు లేదు, కాళ్లను స్తంభానికి అటూఇటూ విడిగా కొట్టి ఉండాలి. పురావస్తు శాస్త్రాన్ని నమ్ముకుని తీసిన దృశ్యం విడుదల నాటికే పాతబడింది.

చిత్రీకరణలో ప్రధాన సమస్య శ్వాస. చేతుల మీద వేలాడితే ఛాతీ బిగుసుకుపోయి నటుడు నిమిషాల్లో అలసిపోతాడు. కాబట్టి పాదాల కింద చిన్న చెక్క, నడుము దగ్గర కనిపించని పట్టీ పెట్టి, దూరపు షాట్లను, ముఖం షాట్లను వేర్వేరుగా తీస్తారు. ఇన్ని జాగ్రత్తలున్నా ప్రమాదాలు తప్పవు. గిబ్సన్ చిత్రీకరణలో కేవీజల్ భుజం కీలు తొలగింది, చలికి శరీర ఉష్ణోగ్రత పడిపోయింది, పిడుగుపాటు కూడా తగిలింది.

భాషలు, డబ్బింగు

యేసు అరమాయిక్ మాట్లాడాడన్న దానిపై పండితుల్లో పెద్దగా భేదాభిప్రాయం లేదు. గిబ్సన్ దాన్ని అనుసరిస్తూనే రోమన్లకు లాటిన్ ఇచ్చాడు. తూర్పు రాష్ట్రాల్లో పాలన, వ్యాపారం నడిచింది గ్రీకులో కాబట్టి పిలాతు, యేసు లాటిన్‌లో మాట్లాడుకునే ఘట్టం మీద చరిత్రకారులు అభ్యంతరం చెప్పారు.

దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో నడిచింది 1979 నాటి ‘జీసస్’. లూకా సువార్త ఆధారంగా ఇజ్రాయెల్‌లో తీసిన ఈ చిత్రాన్ని మొదటి నుంచీ అనువాదం కోసమే ఉద్దేశించారు. ఇప్పటిదాకా 2,000కు పైగా భాషల్లోకి వెళ్లింది. ఇంకే సినిమా దీని దరిదాపుల్లో లేదు. సువార్త పాఠానికి కట్టుబడటం ఇక్కడ పనికొచ్చింది: ఆయా భాషల్లో ఉన్న లూకా అనువాదమే స్క్రిప్టుకు ముడిసరుకు. ఇబ్బంది పెదవుల దగ్గర వస్తుంది. నటుడి నోరు మూసుకునేలోపు వాక్యం అయిపోవాలి. పాఠకులకు కంఠస్థమైన వచనాన్ని కుదిస్తే “మా బైబిలులో ఇలా లేదు” అంటారు, కుదించకపోతే మూసుకున్న నోట్లోంచి మాటలు వస్తాయి. అందుకే నటుడి వీపు కనిపించే షాట్లు, దూరపు షాట్లు డబ్బింగు వాళ్లకు ప్రాణం.

తెలుగులో 1978 నాటి ‘కరుణామయుడు’ ఇంకో దారి పట్టింది. విజయచందర్ నటించి నిర్మించిన ఈ చిత్రానికి దర్శకుడు ఎ. భీమ్‌సింగ్. సువార్త కథను అది పౌరాణిక చిత్రాల వ్యాకరణంలో చెప్పింది. సిలువ మోసే ఘట్టంలో సంభాషణ ఆగి “కదిలిందీ కరుణరథం” పాట అందుకుంటుంది; గిబ్సన్ కొరడా దెబ్బలతో నింపిన నిడివిని ఇక్కడ పాట నింపింది. ‘దయాసాగర్’ పేరుతో హిందీలోకి, ఇతర భారతీయ భాషల్లోకి వెళ్లి, ఏళ్ల తరబడి ఊళ్లలో తెరలు కట్టి ఆడించిన సినిమా అయింది.

డబ్బు ఎటు నుంచి వస్తే కథ అటు

1965లో జార్జ్ స్టీవెన్స్ సుమారు రెండు కోట్ల డాలర్లతో, అడుగడుగునా పేరున్న తారలతో తీసిన ‘ది గ్రేటెస్ట్ స్టోరీ ఎవర్ టోల్డ్’ ఖర్చు రాబట్టలేకపోయింది. శతాధిపతిగా జాన్ వేన్ నోరు విప్పగానే ప్రేక్షకుడికి యేసును సిలువ వేసిన గొల్గొతా కొండ పోయి కౌబాయ్ సినిమా గుర్తొచ్చింది. ఆ తరవాత పెద్ద స్టూడియోలు ఈ కథకు దూరం జరిగాయి. గిబ్సన్ మూడు కోట్ల డాలర్లు సొంత సంస్థ నుంచే పెట్టి, చర్చిల ద్వారా టికెట్లు అమ్మించి, ప్రపంచమంతటా 60 కోట్లకు పైగా రాబట్టాడు. స్టూడియో లేకపోతే వద్దనేవాళ్లు లేరు. ఆ హింసాత్మక నిడివి అలా సాధ్యమైంది.

డాలస్ జెంకిన్స్ ధారావాహిక ‘ది చోజెన్’ మరో మెట్టు ఎక్కింది. మొదటి సీజన్‌కు వేలాదిమంది చిన్న పెట్టుబడిదారుల నుంచి కోటి డాలర్లకు పైగా సమకూరింది. ఏడు సీజన్ల ప్రణాళిక అంటే పదుల గంటల కథ. నాలుగు సువార్తలను కలిపి గట్టిగా చదివినా పది గంటలకు అటూఇటూ అయిపోతాయి. మిగతాదంతా కల్పించాల్సిందే. పేతురుకు అప్పులు, మత్తయికి ఆటిజం లక్షణాలు అలా వచ్చాయి. నేపథ్య కథలు, కొన్ని పాత్రలు కల్పితమని మొదటి ఎపిసోడ్ ఆరంభంలోనే రాశారు. కానీ విడివిడి క్లిప్పులుగా ఫోన్లలో తిరిగే దృశ్యాలతో పాటు ఆ గమనిక రాదు.